ఆకలిని చూస్తూ కూర్చోవాలా, తీర్చుకుని కూర్చోవాలా?

వేకువసాధన

అందరికీ నమస్కారం. చాలా కాలంగా మనసులో నలుగుతున్న ప్రశ్న ఇది. అనుభవం ఉన్నవాళ్ళు జవాబివ్వండి.

నేను గృహస్థుణ్ణి, ఉద్యోగం చేస్తాను. ఉదయం, సాయంత్రం ఆనాపానతో (శ్వాసను గమనించడం) మొదలుపెట్టి విపశ్యన (ఒంట్లో, మనసులో కలిగేవాటిని ఉన్నవి ఉన్నట్టు చూసే ధ్యానం) చేస్తాను. ఉపోసథ రోజుల్లో (పౌర్ణమి, అమావాస్య లాంటి వ్రత దినాలు) అష్టశీలం (మధ్యాహ్నం దాటాక తినకపోవడంతో సహా ఎనిమిది నియమాలు) పాటించడం అలవాటయ్యాక, రోజూ అలాగే ఉందామని మధ్యాహ్నం దాటాక తినడం పూర్తిగా మానేశాను. మొదట్లో హాయిగా ఉండేది. ఒళ్ళు తేలిక, కూర్చోగానే శ్వాస దొరికేది. ఉదయం సిట్టింగ్ ఇప్పటికీ బాగానే ఉంది. సాయంత్రం మాత్రం తల బరువెక్కుతోంది, చేతుల్లో సన్నగా వణుకు, మనసంతా తిండి మీదే. లేచాక ఇంట్లో ఎవరైనా చిన్న మాట అడిగినా చిరాకు వస్తోంది.

సాధనలో నాకంటే ముందున్న మిత్రుడు ఒకరు "అది తృష్ణే, వేదనగా చూస్తూ కూర్చో, దానంతటదే పోతుంది" అంటున్నారు. వేదనను, అంటే ఒంట్లో కలిగే అనుభూతిని, చూడాలి, నిజమే. కానీ ఎంతవరకు చూడాలి? ఎక్కడ చూడటం ఆపి లేచి తినాలి? దీని గురించి బుద్ధవచనంలో ఏమైనా ఉందా?

పాతపుటలు

ఉందండీ, చాలా ఉంది. ముందు మజ్ఝిమ నికాయం అనే బుద్ధోపదేశాల సంపుటిలోని మహాసచ్చక సుత్తం (36వది; సుత్తం అంటే ఉపదేశం) చదవండి. బుద్ధుడు తన తపస్సు గురించి తానే చెప్పుకున్న చోటు అది.

ఊపిరి బిగబట్టే ధ్యానం చేశాడు. తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది. తర్వాత ఆహారం పూర్తిగా మానేద్దామనుకుంటే దేవతలు వచ్చి, "అలా చేస్తే మేమే రోమకూపాల గుండా దివ్యాహారం ఎక్కిస్తాం" అన్నారు. తిననని చెప్పుకుంటూ ఆ ఆహారంతో బతకడం అబద్ధమవుతుందని ఆయన వాళ్ళను వద్దన్నాడు. అప్పుడు పూటకు చారెడు పెసర కట్టో ఉలవ కట్టో తీసుకునే దశకు దిగాడు. పొట్ట చర్మం పట్టుకుంటే వెన్నెముక చేతికి తగిలేది. ఒంటిని నిమిరితే కుదుళ్ళు కుళ్ళిన వెంట్రుకలు రాలిపోయేవి. కాలకృత్యాలకు లేస్తే అక్కడే బోర్లా పడిపోయేవాడు.

ఆ స్థితిలో ఆయనకు చిన్ననాటి ఒక రోజు గుర్తొచ్చింది. తండ్రి పనిలో ఉండగా నేరేడు చెట్టు చల్లని నీడలో కూర్చున్నప్పుడు దానంతటదే కలిగిన మొదటి ధ్యానం (గాఢమైన ధ్యానంలో తొలి దశ). బోధికి (జ్ఞానోదయానికి) దారి ఇదేనేమో అని తోచింది. "కామాలతో, అకుశలంతో సంబంధం లేని ఆ సుఖానికి నేనెందుకు భయపడుతున్నాను?" అని తనను తాను ప్రశ్నించుకున్నాడు. భయపడనక్కర్లేదని తేల్చుకున్నాక, ఇంత చిక్కిన శరీరంతో ఆ సుఖం పొందడం తేలిక కాదని గ్రహించి ఘనాహారం తిన్నాడు. అది చూసి వెంట ఉన్న ఐదుగురు భిక్షువులు "శ్రమణ గౌతముడు భోగాల్లో పడ్డాడు" అని వదిలి వెళ్ళిపోయారు. ఆయన బలం పుంజుకుని మొదటి ధ్యానంలో ప్రవేశించాడు.

ఈ వరుస నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. ముందు సుఖమంటే ఉన్న భయం పోయింది, తర్వాత అన్నం, ఆ తర్వాతే ధ్యానం. మీ విషయంలో కూడా ముందు తేల్చుకోవాల్సింది అదేనేమో. సాయంత్రం ఏదైనా తింటే సాధన చెడిపోతుందన్న భయం మీకు ఎక్కడి నుంచి వచ్చింది?

గట్టిసాధన

పాతపుటలు గారు చెప్పింది కాదనను. కానీ ఆ సుత్తం పట్టుకుని ఈ రోజుల్లో అందరూ తమ తిండిని సమర్థించుకుంటున్నారు. బోధిసత్వుడు (జ్ఞానోదయానికి ముందు బుద్ధుడు) చావు అంచుదాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. మనం ఒక పూట మానేసి "అతి" అంటున్నాం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

అదే మజ్ఝిమ నికాయంలో సబ్బాసవ సుత్తం (2వది) ఉంది. చలి, వేడి, ఆకలి, దప్పిక, దోమలు, పరుష వాక్యాలు, ఇవన్నీ ఓర్చుకోవడం ద్వారా తొలగే ఆస్రవాలు (మనసును కలుషితం చేసే మలినాలు) ఉన్నాయని అందులో స్పష్టంగా ఉంది. ధుతాంగాల్లో (భిక్షువులు ఇష్టపడి తీసుకునే కఠిన వ్రతాలు) రోజుకు ఒక్కసారే కూర్చుని తినే వ్రతం ఉంది. బుద్ధుడి శిష్యుడు మహాకాశ్యపుడు అలాంటి వ్రతాల్లో అగ్రగణ్యుడు. సంయుత్త నికాయం అనే ఇంకో సంపుటిలో ఎడారి దాటే తల్లిదండ్రులు కన్నబిడ్డ మాంసాన్ని ఎలా తింటారో ఆహారాన్ని అలా చూడమన్నాడు బుద్ధుడు. అంత కఠినమైన మాట తిండి గురించి ఊరికే అనలేదు.

నా అనుభవం చెబుతాను. తృష్ణ గురించి ఎన్ని పుస్తకాలు చదివినా అర్థం కానిది, ఆకలితో కూర్చుని కదలకుండా చూసిన రోజున అర్థమైంది. పొట్టలో మంట వేరు, "కావాలి" అన్న తొందర వేరు. ఆ రెండూ విడివిడిగా కనిపించాయి. కడుపు నిండా తిని కూర్చుంటే అది కనిపించదు, నిద్ర వస్తుంది. వేకువసాధన గారూ, తొందరపడి మానకండి.

క్లినిక్‌నుంచి

వృత్తిరీత్యా వైద్యం చేస్తాను, సాధన కూడా ఉంది. గట్టిసాధన గారు చెప్పిన విభజన చాలా విలువైనది, నాకూ అది అనుభవమే. అయితే వేకువసాధన గారి పోస్టులో ఒక మాట దగ్గర నేను ఆగాను. వణుకు.

ఆకలి ఒకటే రకం కాదు. రోజూ తినే సమయానికి గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, కడుపు అడుగుతుంది. తినకపోయినా కాసేపటికి అది తగ్గుతుంది. అందుకే ఆకలి అలలుగా వచ్చి పోతుంది. సాధకులు "చూస్తూ ఉంటే పోయింది" అనేది చాలాసార్లు ఇదే. ఇది చూడటానికి మంచి వస్తువు, ప్రమాదం లేదు.

రెండో రకం వేరు. మన మెదడు బరువు శరీరంలో సుమారు 2 శాతం, విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా మొత్తం శక్తిలో ఇంచుమించు 20 శాతం అదే వాడుకుంటుంది. రక్తంలో చక్కెర 70 (మి.గ్రా./డె.లీ.) కంటే కిందికి జారితే శరీరం అలారం మోగిస్తుంది: చెమట, వణుకు, గుండెదడ, చిరాకు, ఆలోచన మసకబారడం. చిరాకు ఇక్కడ మొదటి లక్షణాల్లో ఒకటి. దాన్ని ద్వేషంగా భావించి మెత్తాభావనతో (మైత్రీధ్యానంతో) సరిచేయాలని చూస్తే పని జరగదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఒక పూట మానితే చక్కెర అంతగా పడిపోదు, కాలేయం నిల్వ నుంచి సర్దుతుంది. కాబట్టి మీకు వణుకు రోజూ వస్తుంటే ఊహించుకుంటూ కూర్చోకుండా పరీక్ష చేయించుకోండి. చక్కెర, థైరాయిడ్, రక్తహీనత మూడూ చూడాలి.

ఇంకో విషయం అడుగుతాను. మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీ కూడా మానేశారా? నీళ్ళు ఎంత తాగుతున్నారు?

వేకువసాధన

టీ మానేశాను సార్. నీళ్ళు... ఆఫీసులో అంతగా తాగను, నిజమే. పాతపుటలు గారు అడిగిన ప్రశ్నకు జవాబు వెతుకుతున్నాను. ఒక ఉపన్యాసంలో "రాత్రి తినేవాడు సాధకుడు కాడు" అని విన్నాను, అది బలంగా నాటుకుంది.

ధమ్మసేవిక

తమ్ముడూ, ఆ మాట ఎవరు అన్నారో నేను అడగను. కానీ గృహస్థుకు ఆ నియమం రోజూ లేదు. ఉపోసథ రోజుల్లో తీసుకునే శీలం అది. ఇష్టంగా ఎక్కువ పాటిస్తే మంచిదే, పాటించనివాడు సాధకుడు కాడనడం మాత్రం ఎక్కడా లేదు.

శిబిరాల్లో సేవకు చాలాసార్లు వెళ్ళాను. విపశ్యన నేర్పిన గోయెంకా గారి పరంపరలో పది రోజుల శిబిరంలో ఉదయం ఆరున్నరకు ఒకసారి, పదకొండుకు ఒకసారి భోజనం. సాయంత్రం ఐదుకు కొత్త సాధకులకు పండ్లు, టీ ఇస్తాం. పాత సాధకులకు నిమ్మనీళ్ళే. ఇంత కఠినంగా కనిపించే చోట కూడా నియమావళిలో ఉపవాసం అనుమతించబడదని రాసి ఉంటుంది. చాలామంది ఆ వాక్యం చదవకుండానే సంతకం పెడతారు. వాళ్ళు మధ్యాహ్నం పళ్ళెంలో రెండు ముద్దలు పెట్టుకుని లేచిపోతుంటే మేం గమనిస్తాం. నాలుగో రోజుకో ఐదో రోజుకో వాళ్ళు ఏడుస్తారు, లేదా లోపల ఏదో గొప్ప అనుభవం జరుగుతోందని చెబుతారు. ఆచార్యులు ముందు అడిగేది "సరిగా తింటున్నారా, నిద్రపోయారా?" అనే.

ధమ్మపద అట్ఠకథలో (ధమ్మపద గాథల వ్యాఖ్యానం) ఆళవి కథ మీకు తెలుసా? శ్రావస్తి నుంచి ముప్ఫై యోజనాలు నడిచి బుద్ధుడు ఆళవికి వచ్చింది ఒక పేదరైతు కోసం. ఆ రోజే అతని ఎద్దు తప్పిపోయింది. పొద్దంతా వెతికి, దొరికాక, ఆకలితోనే ధర్మం వినడానికి వచ్చాడు. అప్పటికే భోజనం అయిపోయి అందరూ ఉపదేశం కోసం ఎదురుచూస్తున్నారు. బుద్ధుడు మాట్లాడలేదు. మిగిలిన అన్నం ఏమైనా ఉందా అని అడిగి, ముందు అతనికి పెట్టించాడు. అతను తిని, ఒళ్ళు కుదుటపడి, మనసు నిలిచాకే ఉపదేశం మొదలుపెట్టాడు. అతను అక్కడే స్రోతాపన్నుడయ్యాడు (నిర్వాణ మార్గంలో తొలి మెట్టు చేరాడు). ఒక మనిషి అన్నం గురించి బుద్ధుడు ఇంతగా పట్టించుకోవడమేమిటని భిక్షువులు గుసగుసలాడితే ఆయన చెప్పిన గాథే 203వది: జిఘచ్ఛా పరమా రోగా. ఆకలిని మించిన రోగం లేదు.

ఈ కథ గుర్తొచ్చినప్పుడల్లా నాకు కళ్ళు చెమరుస్తాయి. అతని ఆకలి తీరేదాకా సభ మొత్తం ఆగింది.

గట్టిసాధన

అమ్మా, మంచి కథ గుర్తు చేశారు. కానీ ఆ రైతు సాధకుడు కాదు, పొద్దంతా ఎద్దు వెంట తిరిగిన మనిషి. మనలాంటి వాళ్ళం తెలిసి ఎంచుకుని ఓర్చుకుంటున్నాం. తేడా ఉంది కదా?

పాతపుటలు

గట్టిసాధన గారూ, మీరు తెచ్చిన సబ్బాసవ సుత్తాన్నే కాస్త నిదానంగా చూద్దాం. ఈ చర్చకు అంతకంటే పనికొచ్చే సుత్తం లేదు.

అందులో ఆస్రవాలు పోగొట్టే మార్గాలు ఏడు. ఓర్చుకోవడం వాటిలో నాలుగోది. దానికి ముందున్నది, అంటే మూడోది, వస్తువులను సరిగా వాడుకోవడం: చీవరం (భిక్షువు వస్త్రం), ఆహారం, నివాసం, మందు. ఆహారం గురించి అక్కడ చెప్పింది భిక్షువులు ఇప్పటికీ రోజూ వల్లెవేసుకునే వాక్యమే. ఆటకు కాదు, మదానికి కాదు, అలంకారానికి కాదు. ఈ శరీరం నిలబడటానికి, బాధ తగ్గడానికి, బ్రహ్మచర్యానికి (ధర్మజీవనానికి) తోడుగా. "పాత వేదనను తొలగిస్తాను, కొత్త వేదనను పుట్టించను" అని ఉంటుంది. పాత వేదన ఆకలి. కొత్తది అతిగా తినడం వల్ల వచ్చేది.

అంటే ఆకలి ఒకే సుత్తంలో రెండుచోట్ల కనిపిస్తోంది. ఒకచోట తినడం ద్వారా తీర్చాల్సిన వేదనగా, ఇంకోచోట ఓర్చుకోవాల్సిన వేదనగా. ఏ ఆస్రవం దేనితో పోతుందో దాన్ని దానితోనే పోగొట్టమని ఆ సుత్తం చెబుతోంది. తీర్చుకోవాల్సినదాన్ని ఓర్చుకుంటూ కూర్చుంటే ఆ ఆస్రవం అలాగే ఉంటుంది. వేకువసాధన గారి ఇంట్లో సాయంత్రం జరుగుతున్నది అదే అని నాకనిపిస్తోంది. ఓర్పు వల్ల మనసులో తాపం తగ్గాలి. ఆయనకు పెరుగుతోంది.

రాత్రి భోజనం మానమన్న సందర్భం కూడా చూడండి. కీటాగిరి సుత్తంలో (మజ్ఝిమ 70) బుద్ధుడు చెప్పిన కారణాలు ఏమిటి? రాత్రి తినకపోవడం వల్ల నాకు రోగాలు తక్కువ, ఒంట్లో తేలిక, బలం, సుఖంగా ఉండటం తెలుస్తున్నాయి, మీరూ అలా ఉండండి అన్నాడు. లటుకికోపమ సుత్తంలో (66) ఉదాయి అనే భిక్షువు ఇంకో కోణం చెబుతాడు: చీకట్లో భిక్షకు వెళ్ళిన భిక్షువులు మురికిగుంటల్లో పడేవాళ్ళు, ముళ్ళకంపల్లో చిక్కుకునేవాళ్ళు. ఒక స్త్రీ మెరుపు వెలుగులో భిక్షువును చూసి పిశాచం అనుకుని కేక పెట్టింది. నియమం పుట్టిందే శరీరం, మనసు, ఇరుగుపొరుగు బాగుండటం కోసం. అదే నియమం వల్ల ఆ మూడూ చెడుతుంటే మళ్ళీ ఆలోచించాల్సిందే.

రాత్రిడ్యూటీ

ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను, ఇవాళ రాయాలనిపించింది. తిండి గురించి ఇంత మాట్లాడుతున్నారు, నిద్ర గురించి ఎవరూ అనలేదు. నాకు రాత్రి షిఫ్టులు. డ్యూటీ దిగి నేరుగా కూర్చుంటే ధ్యానం కాదు, తూగడమే. అన్నం తిని కూర్చుంటే ఇంకా ఘోరం. ఇది థీనమిద్ధమా (ధ్యానానికి అడ్డొచ్చే మనసు మందగింపు), లేక నిజంగా అలసటా? ఎలా తెలుసుకోవాలి?

పాతపుటలు

బుద్ధుడి శిష్యుడు మొగ్గల్లానుడికి కూడా ఇదే వచ్చింది! అంగుత్తర నికాయం అనే సంపుటి ఏడో నిపాతంలో (భాగంలో) ఉంది. ఆయన కూర్చుని తూగుతుంటే బుద్ధుడు వరుసగా ఉపాయాలు చెప్పాడు. ఏ సంజ్ఞతో (మనసులోని భావనతో) నిద్ర వచ్చిందో అది వదిలెయ్యి. పోకపోతే విన్న ధర్మాన్ని ఆలోచించు. పోకపోతే పైకి వల్లించు. పోకపోతే చెవితమ్మెలు లాగి, ఒళ్ళు రుద్దుకో. పోకపోతే లేచి కళ్ళు కడుక్కుని దిక్కులు చూడు, నక్షత్రాలు చూడు. వెలుగు సంజ్ఞ తెచ్చుకో. నడువు. ఇవన్నీ చేసినా పోకపోతే కుడివైపు తిరిగి పడుకో, లేచే సమయం మనసులో పెట్టుకుని.

మీ ప్రశ్నకు జవాబు ఆ వరుసలోనే ఉంది. ముఖం కడుక్కుని నాలుగడుగులు వేస్తే పోయేది థీనమిద్ధం. వాటన్నిటి తర్వాతా ఉండేది అలసట. దానికి మందు పడుకోవడం.

క్లినిక్‌నుంచి

షిఫ్టుల్లో ఉన్నవాళ్ళకు నేను ఇంకో మాట చెబుతాను. డ్యూటీ దిగాక ముందు నిద్రపోండి, లేచాక స్నానం చేసి కూర్చోండి. ఉదయమే కూర్చోవాలన్న నియమం మీ శరీరానికి వర్తించదు. మీ ఉదయం మీరు నిద్రలేచినప్పుడే.

వేకువసాధన గారూ, టీ మానడం గురించి. రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, మొదటి రెండు రోజుల్లో బాగా పెరుగుతుంది, కొందరికి తొమ్మిది రోజుల దాకా ఉంటుంది. శిబిరాల్లో రెండో రోజు తలనొప్పి చాలామందికి అదే. "పాత సంస్కారం పైకి వస్తోంది" అని దానికి పెద్ద పేరు పెట్టేస్తారు. శిబిరానికి వారం ముందు నుంచి కొద్దికొద్దిగా తగ్గించుకుంటే ఆ బాధ ఉండదు. నీళ్ళు తగ్గినా శ్రద్ధ నిలవదు, తల పట్టేస్తుంది. మీకు ఇప్పుడు ఉన్నది టీ తలనొప్పి కాకపోవచ్చు, మానేసి చాలా రోజులైంది కాబట్టి. నీళ్ళు మాత్రం ఇవాళ్టి నుంచే పెంచండి.

ధ్యానమందిరం

నేను జెన్ (జపాన్ బౌద్ధ ధ్యాన పరంపర) సాధన చేస్తాను, అటువైపు నుంచి రెండు మాటలు. అక్కడి మఠాల్లో కూడా మధ్యాహ్నం తర్వాత తినకూడదన్న పాత వినయ (భిక్షువుల క్రమశిక్షణ) నియమాన్ని గౌరవిస్తారు. కానీ చలి ఎక్కువ, రోజంతా ఒంటిపని. అందుకని సాయంత్రం కొంచెం తింటారు. దాన్ని భోజనం అనరు, "యకుసెకి" అంటారు, మందురాయి అని. పూర్వం ఆకలికి పొట్ట మీద వేడిరాయి పెట్టుకునేవారట, ఆ పేరు అలా మిగిలింది. నియమాన్ని, శరీరాన్ని రెండింటినీ కాపాడుకున్నారు.

జెన్ గురువు హకుయిన్ (1686–1769) యవ్వనంలో సాధన మరీ బిగించి జబ్బుపడ్డాడు. కాళ్ళు మంచులో పెట్టినట్టు చల్లబడ్డాయి, చెవుల్లో హోరు, గుండెల్లో మంట, ఎప్పుడూ భయం. కోలుకున్నాక తన శిష్యులకు శ్వాసను, శ్రద్ధను పొత్తికడుపుకి దించే పద్ధతి నేర్పాడు. టిబెట్ పరంపరలో ఇలాంటిదాన్ని "లుంగ్", అంటే వాయువు చెడటం అంటారు. దానికి వాళ్ళ చికిత్స వేడిగా, జిగటగా, బలంగా ఉండే ఆహారం, విశ్రాంతి, కొన్నాళ్ళు ధ్యానం తగ్గించడం. అదే టిబెట్‌లో న్యుంగ్నే వ్రతం కూడా ఉంది, రెండో రోజు నీళ్ళు కూడా ముట్టరు. కానీ అది పరిమితమైన వ్రతం, మూడో రోజు తెల్లవారగానే ముగుస్తుంది.

గట్టిసాధన

న్యుంగ్నే గురించి చెప్పినందుకు సంతోషం. నేను అంటున్నది కూడా అలాంటిదే: హద్దు ఉన్న, తెలిసి తీసుకున్న ఓర్పు. పాతపుటలు గారు సబ్బాసవ గురించి చెప్పింది ఒప్పుకుంటున్నాను. తాపం పెరుగుతుంటే అది ఓర్పు కాదు. అయితే నాదొక సందేహం. ఓర్చుకోవడం మొదలుపెట్టిన వెంటనే తాపం పెరుగుతుంది. వెంటనే తినేస్తే ఓర్పు ఎప్పుడు నేర్చుకుంటాం?

ధమ్మసేవిక

నాయనా, దానికి నేను చూసిన గుర్తు ఒకటి చెబుతాను. కూర్చున్నప్పుడు మనసు ఎలా ఉందో దాన్నిబట్టి తేల్చకండి. ఖాళీకడుపుతో ఒక పదునైన తేలిక వస్తుంది, అది చాలా బాగుంటుంది, ప్రజ్ఞలా అనిపిస్తుంది. లేచాక రెండు గంటలు చూడండి. పక్కవాళ్ళ మాట పూర్తిగా వింటున్నారా? ఎవరైనా పని అడ్డుపెడితే ఏమవుతోంది? రాత్రి నిద్ర పడుతోందా? తిండి గురించి ఆలోచన తగ్గిందా, పెరిగిందా? తిండి మానేసినవాళ్ళు రోజంతా తిండి గురించే లెక్కలు వేస్తుంటారు. అది ఓర్పు వైపు వెళ్తున్న దారి కాదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. తమ శరీరం మీద కోపంతో తిండి మానేవాళ్ళు ఉంటారు, ముఖ్యంగా వయసులో ఉన్న పిల్లలు. ధ్యానం, వైరాగ్యం, అశుభ భావన (శరీరంలోని అసహ్యాన్ని చూసే ధ్యానం) అన్న మాటలు వాళ్ళకు ఒక ముసుగు అవుతాయి. అందరూ మెచ్చుకుంటారు కూడా, "ఎంత నిగ్రహం" అని. అలాంటివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఆచార్యులకు, డాక్టరుకు చెప్పండి. మీకు కావాల్సింది ఇంకా కఠినమైన వ్రతం కాదు.

క్లినిక్‌నుంచి

అమ్మ చెప్పిన "తిండి గురించి ఆలోచన పెరగడం" శాస్త్రంలో బాగా నమోదైంది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో మినెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద చేసిన అధ్యయనం ఉంది. వాళ్ళు స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు, యుద్ధబాధితులకు ఉపయోగపడాలన్న ఆదర్శంతో ఒప్పుకున్నారు. 24 వారాలు అరకొర తిండి. మనసు తిండి చుట్టూనే తిరిగింది, వంటపుస్తకాలు చదివేవాళ్ళు. చిరాకు, దిగులు, ఒంటరితనం పెరిగాయి. ఏకాగ్రత పోయిందని వాళ్ళే చెప్పారు. కానీ తెలివితేటల పరీక్షల్లో మార్కులు పెద్దగా పడిపోలేదు.

సాధకులకు ఇది ముఖ్యమని నేను అనుకుంటాను. ఆకలి బుద్ధిని వెంటనే మొద్దుబార్చదు. బుద్ధి దేనివైపు తిరగాలో ఆకలే నిర్ణయిస్తుంది. పదును ఉంటుంది, స్వేచ్ఛ ఉండదు.

చక్కెరమనిషి

నాకు షుగర్ ఉంది. ఇన్సులిన్ తీసుకుంటాను. శిబిరానికి వెళ్ళాలని ఎప్పటి నుంచో కోరిక, ఈ టెన్షన్ వల్లే ఆగిపోయాను. సాయంత్రం భోజనం లేకపోతే ఎలా? వెళ్ళవచ్చా, వద్దా?

క్లినిక్‌నుంచి

వెళ్ళాలనుకోవడం మంచిదే, కానీ మీ డాక్టరుతో మాట్లాడకుండా మాత్రం వద్దు. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళు పూట మానితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మోతాదు, సమయం భోజన వేళలకు తగ్గట్టు ముందే మార్చాలి, అది మీ డాక్టరే చేయాలి. గ్లూకోమీటరు, గ్లూకోజు దగ్గర ఉంచుకోండి. వణుకు, చెమట మొదలైతే "అనిత్యం" అని చూస్తూ కూర్చోవద్దు. వెంటనే 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని, పావుగంట తర్వాత మళ్ళీ చూడండి. చెబుతున్నది ప్రాణానికి సంబంధించిన విషయం.

పాతపుటలు

చక్కెరమనిషి గారూ, మందు తీసుకోవడం సాధనలో రాజీ అని మీకు ఎక్కడైనా అనిపిస్తే ఇది చదవండి. వినయపిటకం మహావగ్గలో భేసజ్జ ఖంధకం (మందుల అధ్యాయం) మొదలయ్యేదే ఇలా: శరదృతువు జబ్బుతో భిక్షువులు గంజి తాగినా, అన్నం తిన్నా కక్కుకుంటున్నారు. చిక్కి, పాలిపోయి, నరాలు తేలి కనిపిస్తున్నారు. బుద్ధుడు వాళ్ళను చూసి ఏకాంతంలో ఆలోచించి ఐదు మందులు అనుమతించాడు: నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లపు పాకం. మొదట మధ్యాహ్నం లోపలే అన్నాడు. అయినా వాళ్ళు కోలుకోలేదు. అప్పుడు ఏ వేళలోనైనా తీసుకోవచ్చన్నాడు. రోగి కోసం నియమం కదిలింది, ఆయన బతికుండగానే, ఆయన నోటితోనే.

రాత్రిడ్యూటీ గారికి స్నానం గురించి డాక్టరు గారు చెప్పిన మాట కూడా గ్రంథాల్లో ఉంది. విశుద్ధిమగ్గం అనే ధ్యాన గ్రంథంలో ధ్యానానికి కావాల్సిన పది నేర్పుల్లో మొట్టమొదటిది శుభ్రత. జుట్టు, గోళ్ళు పెరిగి ఒళ్ళు చెమట పట్టి ఉంటే, బట్టలు మాసి గది చెత్తగా ఉంటే, ఆ మనసులో పుట్టే జ్ఞానం కూడా మసకగానే ఉంటుందట. ప్రమిద, వత్తి, నూనె మురికిగా ఉన్న దీపం వెలుగులాగా. అందుకే సమాధి గురించి అంత సూక్ష్మంగా రాసిన బుద్ధఘోషుడు స్నానంతో మొదలుపెట్టాడు. ఆ పుస్తకంలోనే సాధనకు అనుకూలించాల్సినవి ఏడు చెబుతాడు: చోటు, భిక్షకు వెళ్ళే ఊరు, మాట, మనిషి, ఆహారం, వాతావరణం, భంగిమ. ఏ ఆహారం అనుకూలమో మనిషిని బట్టి మారుతుంది. ఒకరికి తీపి, ఇంకొకరికి పులుపు.

రాత్రిడ్యూటీ

చాలా సంతోషం. డ్యూటీ దిగాక నిద్ర, స్నానం, ఆ తర్వాతే కూర్చోవడం, అలా మొదలుపెడతాను. ఒక చిన్న ప్రశ్న. తిన్న వెంటనే కూర్చోకూడదంటే ఎంతసేపు ఆగాలి?

గట్టిసాధన

ఇది నేను చెబుతాను. ఆగడం కంటే నడవడం మేలు. చంక్రమణం (నడుస్తూ చేసే ధ్యానం) వల్ల ఐదు లాభాలని అంగుత్తరంలో ఉంది: దూరప్రయాణానికి ఒళ్ళు సిద్ధంగా ఉంటుంది, ప్రయత్నానికి సిద్ధంగా ఉంటుంది, రోగాలు తక్కువ, తిన్నది అరుగుతుంది, నడకలో కుదిరిన సమాధి చాలాసేపు నిలుస్తుంది. వైశాలిలో మంచి భోజనాలు వరుసగా తిని భిక్షువులు జబ్బుపడితే వైద్యుడు జీవకుడు అడిగి మరీ చంక్రమణాన్ని, ఆవిరిగదిని అనుమతింపజేశాడు. తిన్నాక అరగంటో ముప్పావుగంటో మెల్లగా నడిచి కూర్చోండి.

ఎంత తినాలన్నదానికి బుద్ధుడి శిష్యుడు సారిపుత్తుడి గాథ చాలు. చత్తారో పంచ ఆలోపే అభుత్వా ఉదకం పివే. ఇంకో నాలుగైదు ముద్దలు పడతాయనగా ఆపి నీళ్ళు తాగు. నేను ఓర్పు అంటున్నది నిజానికి ఆ నాలుగైదు ముద్దల దగ్గర మొదలుపెట్టవచ్చు. వేకువసాధన గారూ, ముందు "మానకండి" అన్నాను, వణుకు సంగతి డాక్టరు గారు చెప్పాక ఆ సలహా మీకు వర్తించదు. సాయంత్రం తినండి.

వేకువసాధన

అందరికీ కృతజ్ఞతలు. రక్తపరీక్షకు రేపు ఉదయం వెళ్తున్నాను. సాయంత్రం కూర్చునే ముందు కొద్దిగా తింటాను, ఉపోసథ రోజుల్లో మాత్రం అష్టశీలం ఉంచుకుంటాను, ఫలితాలు వచ్చాక అది కూడా డాక్టరును అడిగి. వచ్చే శిబిరానికి దరఖాస్తు చేశాను. వణుకు సంగతి దాంట్లో రాయలేదు. ఇప్పుడు చెబితే సీటు పోతుందా?

ధమ్మసేవిక

పోదు తమ్ముడూ. కేంద్రానికి ఇవాళే రాసి, రిపోర్టులు వచ్చాక అవి కూడా పంపు. సాయంత్రం ఏదైనా ఇవ్వాల్సి ఉంటే ముందే తెలిస్తే వంటగదిలో ఏర్పాటు చేయగలం. చేరే రోజు ఆచార్యులను కలిసినప్పుడు మళ్ళీ ఒకసారి నోటితో చెప్పు, ఫారాలు ఒక్కోసారి సేవకుల చేతికి అందవు. చక్కెరమనిషి గారూ, మీరు కూడా అంతే. మందులు, మీటరు మీ గదిలోనే ఉంచుకోవచ్చు. పక్కగదిలో ఉన్నవాళ్ళకు కాకపోయినా, సేవకుల్లో ఒకరికి మీకు షుగర్ ఉందని తెలిసి ఉండాలి.